చలికీ చీకటికీ ఒకే మందా? — కారు కెమెరా సూచనల పుస్తకంపై ఒక విమర్శ

రోగనిర్ణయం చేయకుండా మందు వ్రాసే వైద్యుణ్ణి మనం మెచ్చుకోము. కాని యంత్రం ఎందుకు పనిచేయలేదో చెప్పక, పనిచేయనప్పుడు ఏమి చేయవలెనో మాత్రమే వరుసగా చెప్పే పుస్తకాన్ని మారుమాట లేకుండా అనుసరిస్తాము. మోటారు కార్ల ముందు అద్దానికి లోపలివైపున అతికించే చిన్న కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే సూచనల పుస్తకం ఇట్టి వాటిలో ఒకటి. ఈ కెమెరాను డాష్‌కామ్ అంటున్నారు. కారు నడుస్తున్నంతసేపూ ఎదుట కనిపించే దారినంతా ఒక చిన్న కార్డుమీద నమోదు చేయడం దాని పని.

కావ్యాలను విమర్శించే ఆచారం మనకు చిరకాలంగా ఉన్నది. సూచనల పుస్తకాలను విమర్శించే ఆచారం లేదు. అయినా ఇవి వేలకొలది చేతులలోనికి వెళుతున్నవి. వీటిలోని పొరపాటు చదువరి అభిరుచిని కాక అతని జీవితాన్నే తాకుతున్నది. అందుచేత ఇట్టి పుస్తకంలో చలికాలానికీ రాత్రివేళకూ సంబంధించిన భాగాన్ని భౌతికశాస్త్రపు గీటురాయిమీద పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. పుస్తకం ఏ సంస్థదో చెప్పను. నేను తిరగవేసిన నాలుగైదు పుస్తకాలలో ఈ భాగం ఇంచుమించు ఒకే విధంగా ఉన్నది గనుక, దోషం ఒకరిది కాదు.

ఈ పని నాకు తటస్థించిన విధం చెబుతాను. నావద్ద చదివిన విద్యార్థి ఒకడు ఇప్పుడు మాదాపూరులో టాక్సీ నడుపుతున్నాడు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి ఆ ప్రాంతంలో రాత్రికీ పగటికీ భేదం తగ్గుతూ వచ్చినది. అర్ధరాత్రి కొలువులు ముగించుకొని ఇళ్ళకు వెళ్ళేవారిని చేరవేయడం అతని వృత్తి. గత డిసెంబరులో ఒక రాత్రి అతడు దుర్గం చెరువు వైపు పోతుండగా, కుడిప్రక్కనుండి ఒక కారు అతణ్ణి వేగంగా దాటి, ముందు పోతున్న స్కూటరును కొట్టి, ఆగకుండా వెళ్ళిపోయినది. స్కూటరు నడిపేవాని కాలు విరిగినది. మా విద్యార్థి అతణ్ణి ఆసుపత్రికి చేర్చి, కెమెరాలోని కార్డును జాగ్రత్తగా తీసి ఉంచినాడు. తెల్లవారి చూస్తే బొమ్మలో కారున్నది, దాని దీపాలున్నవి, స్కూటరు పడడం ఉన్నది. కారు నంబరు మాత్రం లేదు; దాని స్థానంలో ఒక తెల్లని మరక ఉన్నది.

"కెమెరా మంచిగనే ఉన్నది గద సార్, నంబరెందుకు కనబడ్తలేదు?" అని అతడు పుస్తకం పట్టుకొని నావద్దకు వచ్చినాడు. చలిలోను, రాత్రివేళను బొమ్మ స్పష్టంగా లేకపోతే యంత్రాన్ని కొంతసేపు వెచ్చబడనీయవలెనని, బాటరీని చూడవలెనని అందులో ఉన్నది. అతడు ఆ రెండూ చేసినాడు. ఫలితం లేదు.

ఇది చిన్న విషయం కాదు. గుద్దిన బండి జాడ తెలిస్తే బాధితుని వయస్సు, సంపాదన, కలిగిన నష్టం చూచి న్యాయస్థానం పరిహారం నిర్ణయిస్తుంది. జాడ తెలియకపోతే 1 ఏప్రిల్ 2022 నుండి అమలులోనికి వచ్చిన పథకం ప్రకారం మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్రమైన గాయానికి 50 వేల రూపాయలు మాత్రమే లభిస్తాయి. పదక్షరాల పలక ఒకటి కనిపించడం, కనిపించకపోవడం ఒక కుటుంబానికి ఇంత తేడా తెస్తున్నది.

పుస్తకంలోని మంచి

ముందుగా గుణాలు చెప్పడం న్యాయం. కెమెరాను లోపలి అద్దం వెనుక, వైపరు తుడిచే మేరలో అమర్చవలెనని పుస్తకం చెబుతున్నది. ఇది సరియైన సలహా. కటకాన్ని మెత్తని గుడ్డతో తుడువుమన్నది. కార్డును అప్పుడప్పుడు ఖాళీచేసి మళ్ళీ సిద్ధపరచమన్నది. ఇవీ మంచివే. బొమ్మలు వేసి చూపడంవల్ల అక్షరజ్ఞానం తక్కువైనవారు కూడా యంత్రాన్ని అమర్చుకోగలరు. ఇంతవరకు పుస్తకానికి మార్కులు ఇవ్వవచ్చును.

దోషం ఎక్కడ ఉన్నదంటే, చలిని, చీకటిని ఒకే శీర్షిక క్రింద చేర్చి, రెంటికీ ఒకే చికిత్స చెప్పడంలో ఉన్నది. చలి బాధించేది విద్యుత్తునూ అద్దాన్నీ. చీకటి బాధించేది కాంతినీ కాలాన్నీ. ఈ రెండూ వేరువేరు.

ఎక్కడి చలి?

పుస్తకం వ్రాసినవారి మనస్సులో ఉన్న చలి హైదరాబాదు చలి కాదు. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటీగ్రేడు. అది 8 జనవరి 1946 నాటి మాట. విశాఖ మన్యంలోని లంబసింగిలో మాత్రమే కొన్ని శీతాకాలపు ఉదయాలు సున్నకు చేరువగా వస్తాయి. షికాగోలోను, మిన్నియాపోలిస్‌లోను, టొరంటోలోను కాపురమున్న మన తెలుగువారికి సున్నకు ఇరవై డిగ్రీలు దిగువనున్న చలి అనుభవంలోని మాటే. పుస్తకంలోని చలి అదే.

అక్కడ జరిగేది ఇది. కెమెరాలో ఉండే చిన్న లిథియం బాటరీలో ద్రవరూపమైన విద్యుద్విశ్లేష్యం చలికి చిక్కబడుతుంది, అయాన్లు మందంగా కదులుతాయి, అంతర్నిరోధం పెరుగుతుంది. సున్నకు దిగువన ఆ బాటరీని చార్జి చేయబూనితే లిథియం అయాన్లు గ్రాఫైటు పొరలలోనికి దూరలేక, దానిమీద లోహపు పూతగా పేరుకొంటాయి. అది బాటరీకి శాశ్వతమైన హాని. కెమెరా వెనుక ఉండే చిన్న తెరలోని ద్రవస్ఫటికాలు కూడ మందగించి బొమ్మ తోకలు సాగినట్లు కనిపిస్తుంది. ఇట్టిచోట యంత్రాన్ని వెచ్చబడనీయండని చెప్పడం అక్షరాలా సరియైనదే.

అంతటి చలిలో కూడ, కారు నడుస్తుండగా కెమెరా పనిచేయగలదని లోకమంతా చూచిన సందర్భం ఒకటున్నది. 15 ఫిబ్రవరి 2013 ఉదయం రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరంమీద ఒక పెద్ద ఉల్క మండిపోయినది. గడ్డకట్టే చలిలో దారిన పోతున్న ఎన్నో కార్ల కెమెరాలు దానిని చిత్రించినవి. ఆ చిత్రాలలోని కోణాలను కొలిచి శాస్త్రజ్ఞులు ఉల్క వచ్చిన మార్గాన్ని గణించినారు. నడిచే కారులో కెమెరాకు విద్యుత్తు కారునుండే వస్తుంది. లోపలి గాలి కూడ వెచ్చగా ఉంటుంది. చలి భయమంతా ఆగి ఉన్న కారుకే.

ఇక మాదాపూరులో ఆ సూచన ఎందుకు పనికివస్తుంది? డిసెంబరు రాత్రి 14 డిగ్రీలు ఆ బాటరీకి చలి కానే కాదు. దానికి నిజమైన శత్రువు మే నెల. బయట 42 డిగ్రీలుండగా ఎండలో మూసి ఉంచిన కారులోపల 60 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. అద్దానికి అతుక్కొని ఉన్న కెమెరా ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి లిథియం బాటరీ ఉబ్బుతుంది, అంటించిన జిగురు జారుతుంది. వేసవిలో దెబ్బతిన్న బాటరీ డిసెంబరులో మొరాయిస్తే నేరం చలిమీద పడుతున్నది! బాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ అమర్చిన కెమెరాలు ఉన్నవి. అందులో విద్యుదావేశం ఎలక్ట్రోడుల ఉపరితలంమీద నిలుస్తుంది గాని రసాయనచర్య జరుగదు. అందుచేత అది వేడికీ చలికీ కూడ ఓర్చుకుంటుంది. కారు ఆపినప్పుడు కొన్ని సెకనులపాటు యంత్రాన్ని నడిపి, చివరి చిత్రాన్ని భద్రపరచడానికి ఆ కాస్త ఆవేశం చాలును. మన వాతావరణానికి తగినది ఇదేనని పుస్తకం ఒక్క వాక్యమైనా చెప్పలేదు.

మరొక అపోహ సంక్రాంతికి సంబంధించినది. పండుగకు రైళ్ళలోను, బస్సులలోను ఊళ్ళకు పోయేవారు కారును అపార్ట్‌మెంటు క్రింద విడిచి వెళతారు. తిరిగివచ్చేసరికి కారు కదలదు. చలికి బాటరీ చచ్చిపోయినదని అనుకొంటారు. లెక్క చూద్దాం. ఆగి ఉన్నప్పుడు కూడ కాపలా కాసే విధంగా అమర్చిన కెమెరా సుమారు పావు ఆంపియరు తీసుకొంటుందనుకొందాం. నాలుగు రోజులకు 96 గంటలు. అనగా 24 ఆంపియరు-గంటలు. చిన్న కారు బాటరీ సామర్థ్యం మొత్తం 35 ఆంపియరు-గంటలు. మూడింట రెండువంతులు కెమెరాయే త్రాగివేసినది. మన జనవరి చలి ఆ సామర్థ్యంలో సుమారు పదోవంతు మాత్రమే తగ్గించగలదు. దొంగ ఎవరో గణితమే చెబుతున్నది. ఓల్టేజి ఒక హద్దుకు, ఉదాహరణకు 12 ఓల్టులకు, దిగగానే కెమెరాను ఆపివేసే సాధనం ఉన్నదో లేదో చూచుకోవడం, లేనిచో ఊరికి వెళ్ళేముందు తీగ ఊడదీయడం దీనికి మందు.

మంచు ఏ ప్రక్కన?

మన చలికాలంలో నిజంగా కెమెరా కన్ను మూసేది అద్దంమీది తేమ. దీనికి వేడిగాలి వేయమని పుస్తకం చెబుతున్నది. తేమ అద్దానికి ఏ ప్రక్కన ఉన్నదో తెలియకుండా ఈ మాట చెప్పరాదు.

నలుగురు కూర్చున్న కారులో గాలి 25 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 60 శాతం అనుకొందాం. 25 డిగ్రీలవద్ద సంతృప్తమైన గాలి ఘనమీటరుకు 23 గ్రాముల ఆవిరిని ఉంచుకోగలదు. అందులో 60 శాతం 13.8 గ్రాములు. అద్దం బయటి చలికి 14 డిగ్రీలకు దిగినది. 14 డిగ్రీలవద్ద గాలి 12.1 గ్రాములకంటె ఎక్కువ ఉంచుకోలేదు. మిగిలిన 1.7 గ్రాములు ఏమి కావలెను? అద్దంమీద బిందువులై కూర్చుంటాయి. కారులోపల మూడు ఘనమీటర్ల గాలి ఉన్నదనుకొంటే అది 5 గ్రాములు, ఒక చెంచాడు నీరు! ఈ నీరు లోపలి ప్రక్కన ఉన్నది గనుక వైపరు దానిని తాకలేదు. ఏర్‌కండిషనరు వేసి గాలిలోని తేమ తీసి, ఆ పొడిగాలినే కొంచెం వెచ్చచేసి అద్దంమీదకు మళ్ళించవలెను.

వానకాలంలో కథ తారుమారు. బయట 25 డిగ్రీలు, 90 శాతం ఆర్ద్రత. ఆ గాలి తుషారస్థానం, అనగా దానిలోని ఆవిరి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 23 డిగ్రీలు. ఏర్‌కండిషనరు చల్లగాలి తగిలి అద్దం 20 డిగ్రీలైతే మంచు బయటి ప్రక్కన పడుతుంది. అప్పుడు చల్లగాలిని అద్దంమీదినుండి తప్పించి, వైపరు వేయవలెను. చలికాలపు వైద్యం వానకాలంలో చేసి, అద్దంమీదకు ఇంకా చల్లగాలి కొట్టించేవారిని నేను చూచినాను. వ్రేలితో అద్దాన్ని లోపలనుండి ఒకసారి రాచి చూస్తే చాలును. గీత పడితే తేమ లోపల, పడకపోతే బయట. ఇంత సులభమైన పరీక్ష పుస్తకంలో లేదు.

ఇక తేమ కాని మసక ఇంకొకటున్నది. ఎండకు కారులోని ప్లాస్టిక్కునుండి వెలువడే ఆవిరులు అద్దం లోపలివైపున సన్నని జిడ్డుపొరగా అంటుకొంటాయి. పగలు అది కనిపించదు. రాత్రి ఎదుటి దీపాల కాంతి దానిమీద చెదిరి బొమ్మనంతా పాలలో ముంచినట్లు చేస్తుంది. చాలమంది కెమెరా కటకాన్ని తుడుస్తారు గాని, దాని ముందున్న అద్దాన్ని తుడువరు.

చీకటి లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నంబరు ఎందుకు కనిపించలేదు?

మధ్యాహ్నపు ఎండలో భూమిమీద వెలుతురు సుమారు ఒక లక్ష లక్స్. దీపాలున్న వీథిలో రాత్రి 20 లక్స్ ఉన్నదనుకొందాం. అనగా అయిదువేలోవంతు. పగలు ఒక్కొక్క చిత్రానికి సెకనులో రెండువేలోవంతు కాలం కాంతి సోకితే సరిపోయినదనుకొంటే, రాత్రి అదే బొమ్మకు రెండున్నర సెకనులు కావలెను. కాని సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరా ఒక్కొక్కదానికి ముప్పయ్యోవంతు సెకనుకంటె ఎక్కువ ఇవ్వలేదు. తక్కిన 75 రెట్ల లోటును విద్యుత్సంకేతాన్ని హెచ్చించి పూడ్చుకొంటుంది.

హెచ్చించినప్పుడు బొమ్మతో పాటు దాని ఒడుదుడుకులు కూడ హెచ్చుతాయి. కాంతి ఫోటాన్లుగా వస్తుంది. వానచినుకులవలె అవి లెక్కతప్పి పడతాయి. ఒక చుక్కమీద సగటున 10,000 ఫోటాన్లు పడితే ఒడుదుడుకు దాని వర్గమూలం, 100; అనగా నూటికి ఒకటి. సగటున 100 మాత్రమే పడితే ఒడుదుడుకు 10. అనగా నూటికి పది. రాత్రి బొమ్మమీద ఇసుక చల్లినట్లు కనిపించడానికి ఇది కారణం. యంత్రం వెచ్చబడితే ఇది తగ్గదు. పైగా పెరుగుతుంది! కాంతి లేకపోయినా సిలికాన్ ఫలకంలో ఉష్ణంవల్ల కొన్ని ఎలక్ట్రానులు విడివడుతూనే ఉంటాయి. ప్రతి 6 నుండి 8 డిగ్రీలకు వీటి సంఖ్య సుమారు రెట్టింపవుతుంది. ఖగోళశాస్త్రజ్ఞులు తమ కెమెరాలను కావాలని చల్లబరచుకోవడం ఇందుకే. రాత్రి బొమ్మకు చలి శత్రువు కాదు, మిత్రుడు. ఈ ఒక్క విషయంలో పుస్తకం సత్యాన్ని తలక్రిందులు చేసినది.

ఎక్కువసేపు కాంతి సోకనిస్తే మసకవస్తువు కూడ కనిపిస్తుందని హైదరాబాదువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలలో, ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసే అంతర్జాతీయ ప్రణాళికలో మన నగరానికి వచ్చిన భాగాన్ని పూర్తిచేసినారు. ఫలకాలను నిమిషాల తరబడి నక్షత్రకాంతికి తెరచి ఉంచేవారు. అయితే ఆ సమయమంతా దూరదర్శిని నక్షత్రంతో పాటు తిరుగుతూ ఉండేది. అందుచేత చుక్క చుక్కగానే నిలిచినది. కారు కెమెరాకు ఆ భాగ్యం లేదు. దాని ఎదుటి నక్షత్రాలు పారిపోతుంటాయి.

ఎంత పారిపోతాయో త్రికోణమితి తెలిసిన విద్యార్థి లెక్కవేయగలడు. కెమెరా 120 డిగ్రీల వెడల్పును 1920 చుక్కలలో చూపుతుందనుకొందాం. కటకపు వంకరను విడిచిపెడితే డిగ్రీకి 16 చుక్కలు. మనకంటె గంటకు 36 కిలోమీటర్లు, అనగా సెకనుకు 10 మీటర్లు అధికవేగంతో ఒక కారు ప్రక్కగా దాటినది. దాని వెనుక పలక మనకు 5 మీటర్లు ముందు, రెండున్నర మీటర్లు కుడికి ఉన్న క్షణాన్ని తీసుకొందాం. దూరం 5.6 మీటర్లు. కారు నంబరు పలకమీది అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లని నిబంధన. ఆ దూరంలో అది పదిన్నర చుక్కలు వస్తుంది. నిలకడగా ఉంటే చదువవచ్చును. కాని ఆ పలక మన దృష్టికి సెకనుకు 0.8 రేడియన్ల చొప్పున ప్రక్కకు జరుగుతున్నది. ముప్పయ్యోవంతు సెకనులో అది ఒకటిన్నర డిగ్రీ. అనగా 24 చుక్కలు. పలక మొత్తం 73 చుక్కలు. పది అక్షరాలకు పంచితే ఒక్కొక్కటి 7 చుక్కలు. మూడక్షరాలు ఒకదానిమీద ఒకటి అలుక్కుపోయినవన్నమాట!

సరే, ముందుకు పోనిద్దాం. కారు మన ఎదుటికే వచ్చి 15 మీటర్ల దూరంలో ఉన్నది. ఇప్పుడు ప్రక్కకు జరగడం లేదు, అలుకుడు లేదు. కాని అక్షరం ఎత్తు నాలుగు చుక్కలే. నాలుగు చుక్కలలో 8కీ 6కీ 3కీ భేదం చూపడం ఎవరితరమూ కాదు. దగ్గర ఉన్నప్పుడు కదలిక, దూరమైనప్పుడు చిన్నతనం. దీనికి తోడు, 2019 ఏప్రిల్‌నుండి కొత్త బండ్లన్నిటికీ వస్తున్న పలకలు, వచ్చిన దిక్కుకే కాంతిని తిప్పిపంపే పూత కలవి. మన దీపాల వెలుగు వాటిమీద పడి నేరుగా మన కెమెరాలోనికే వస్తుంది. చుట్టూ ఉన్న చీకటికి తగినట్లు సర్దుకొన్న కెమెరాకు ఆ పలక తెల్లని మరక అవుతుంది. మా విద్యార్థికి కనిపించిన మరక ఇదే. యంత్రం చెడలేదు. యంత్రం చేయలేని పనిని పుస్తకం ఆశపెట్టినది.

ప్రకటనల మాట

రాత్రిదర్శనం ఉన్నదని పెట్టెమీద అచ్చువేస్తారు. కొన్నిటిలో పరారుణ దీపాలుంటాయి. వాటి కాంతి కొద్ది మీటర్లే పోతుంది. పైగా అద్దం వెనుకనుండి వేస్తే అద్దంమీదనే తిరిగి మెరుస్తుంది. కారులోపలి మనుష్యులను చూడడానికి, ముఖ్యంగా టాక్సీలలో, అది పనికివస్తుంది. దారి చూడడానికి కాదు.

4కె అన్నది మరొక గొప్ప. చుక్కలు నాలుగు రెట్లు. పగటివేళ అక్షరాన్ని రెట్టింపు దూరంనుండి చదువవచ్చును. ఇది నిజమే. కాని ఫలకం పరిమాణం పెంచకుండా చుక్కలు పెంచితే ఒక్కొక్క చుక్క వైశాల్యం నాలుగోవంతు, దానిపై పడే కాంతి నాలుగోవంతు. రాత్రికి కావలసినది పెద్ద ఫలకం, వెడల్పైన కటకరంధ్రం. ఎఫ్/2.4 కటకంకంటె ఎఫ్/1.8 కటకం సుమారు ఒకటి ముప్పావు రెట్లు కాంతిని లోనికి రానిస్తుంది. చుక్కల సంఖ్యను పెద్ద అక్షరాలలోను, ఈ అంకెను చిన్న అక్షరాలలోను అచ్చువేయడం వర్తకులకు అలవాటు. కొనేవారు చిన్న అక్షరాలే ముందు చదవవలెను.

మరొక చిన్న అమరికను పుస్తకం పేరు మాత్రం చెప్పి విడిచినది. అది 50, 60 అనే రెండంకెలు. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలు. కనుక చౌకరకపు దీపాలు సెకనుకు 100 మారులు మినుకుతాయి. మన కన్నుకు అది తెలియదు. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాకు 100ను 30 చేత భాగిస్తే శేషం 10. వీథిదీపాలు సెకనుకు పదిసార్లు కొట్టుకొన్నట్లు కనిపిస్తాయి. 25 చిత్రాలైతే శేషం సున్న; దీపం నిలకడగా ఉంటుంది. అమెరికాలో విద్యుత్తు 60 ఆవర్తాలు. అక్కడికి సిద్ధమైన కెమెరా 60మీదనే ఉండి వస్తే మార్చుకోవలెను. ఇందులో చెడినదేమీ లేదు. సాధారణ భాగహారం తప్పినది, అంతే.

పుస్తకం చెప్పవలసి ఉన్నది

పదిహేను మెగాబిట్ల వేగంతో నమోదు చేసే కెమెరాకు 64 గిగాబైట్ల కార్డు సుమారు తొమ్మిదిన్నర గంటలలో నిండుతుంది. తరువాత పాతదానిమీద కొత్తది వ్రాస్తుంది. రోజుకు పది గంటలు బండి నడిపేవాడు, రేపు చూద్దాంలే అనుకొంటే సాక్ష్యం తుడిచిపెట్టుకొని పోతుంది. ప్రమాదం జరిగిన వెంటనే ఆ భాగాన్ని చెరగకుండా భద్రపరచే మీట నొక్కవలెనని, కార్డును తీసి దాచవలెనని మొదటి పుటలోనే ఉండవలెను. కెమెరాలోని గడియారం సరిగా ఉన్నదో లేదో వారానికొకసారి చూడవలెనని కూడ ఉండవలెను. తేదీ తప్పైన చిత్రం ఎదుటి పక్షపు న్యాయవాదికి ఆయుధం. 1 జూలై 2024 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం ఇట్టి చిత్రాన్ని కోర్టులో పెట్టేటప్పుడు దానితో ధృవపత్రం కూడ జతపరచవలెను.

చివరిదీ, నా దృష్టిలో ముఖ్యమైనదీ ఇంకొకటున్నది. చలికీ చీకటికీ లొంగని ఒక సాధనం చాల కెమెరాలలో ఉన్నది. అది మైక్రోఫోను. మన కన్ను కదులుతున్న వస్తువుతో పాటు తాను కూడ కదిలి, నిజామియా దూరదర్శినివలె దానిని అనుసరించగలదు. కెమెరాకు అలుక్కుపోయిన నంబరును మనిషి కన్ను ఎన్నోసార్లు పట్టుకొంటుంది. కంటబడిన నంబరును, బండి రంగును, అది పోయిన దిక్కును వెంటనే బిగ్గరగా చెప్పితే ఆ మాట చిత్రంతో పాటు, ఆ క్షణపు గుర్తుతో సహా నమోదవుతుంది. మా విద్యార్థిని అడిగినాను, నంబరు చూచినావా అని. "చూసిన సార్. ఆసుపత్రికి పోయేలోపల మరిచిన," అన్నాడు. ఆ రాత్రి అతడు దానిని ఒక్కసారి పైకి అని ఉంటే స్కూటరువాని ఇంటికి ఎంత మేలు జరిగి ఉండేది!

ఈ పుస్తకాన్ని పూర్తిగా పారవేయమని నేననను. చలిదేశంలో ఉన్న మన బంధువులకు అందులో సగం ఉపయోగమే. కాని తెలుగునాట అమ్మే యంత్రానికి తెలుగునాటి ఎండనూ, తేమనూ, వీథిదీపాలనూ ఎరిగినవారు పుస్తకం వ్రాయవలెను. ముందు లక్షణం, తరువాత కారణం, ఆపైన చికిత్స చెప్పవలెను. యంత్రం చేయగలదెంతో, చేయలేనిదెంతో దాచక చెప్పవలెను.

ఉపాధ్యాయులు ఈ పనిని తరగతిలోనే మొదలుపెట్టవచ్చును. కాగితంమీద 65 మిల్లీమీటర్ల ఎత్తున పది అక్షరాలు వ్రాసి గోడకు అంటించి, చేతిఫోనుతో 5, 10, 15 మీటర్ల దూరంనుండి పగలు ఒకసారి, గది దీపం వెలుగులో ఒకసారి చిత్రించండి. తరువాత ఒక విద్యార్థి ఆ కాగితం పట్టుకొని పరుగెత్తగా మళ్ళీ చిత్రించండి. గాజుగ్లాసులో మంచునీళ్ళు పోసి తేమ ఏ ప్రక్కన పడుతుందో చూపండి. ఈ రెండు ప్రయోగాలు చేసిన విద్యార్థి పెట్టెమీది ప్రకటనను చూచి మోసపోడు. సూచనల పుస్తకం చేతికి వచ్చినప్పుడు, ఇట్లు చేయండి అన్న ప్రతిచోటా ఎందుకని అడుగుతాడు.